దానికి యాప్ ఏది? – పినాఫోర్ అనే చిన్న వాకిలి చరిత్ర

ఇది కొంచెం పొడుగు రాత. పని మధ్యలో ఉన్నవాళ్ళు దాచిపెట్టుకుని రాత్రికి చదవండి.

మన సంఘం రాతలు, ఉగాది ఫోటోలు, తెలుగు బడి కోసం పెట్టిన అర్జీల నకళ్ళు అన్నీ ఒకే పెద్ద కంపెనీ పేజీలో ఉన్నాయని, మాస్టడాన్‌లో కూడా ఒక ఖాతా తెరుద్దామని మన కుర్రవాళ్ళు అంటున్నారు. పెద్దల్లో ఒకరు వెంటనే అడిగిన ప్రశ్న: "దానికి యాప్ ఏది?" కుర్రవాళ్ళ జవాబు: "ఏదైనా సరే." ఈ జవాబు ఆయనకి నచ్చలేదు. తప్పించుకునే మాటలా వినిపించింది. నిజానికి ఆ రెండు మాటల వెనక పదిహేనేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది చెబుదామనే ఈ రాత.

ముందు మాస్టడాన్ అంటే ఏమిటో మన లెక్కలోనే చూద్దాం. బరంపురంలో ఒక తెలుగు సంఘం ఉంటుంది, షోలాపూర్‌లో ఒకటి, హోసూరులో ఒకటి, యానాంలో ఒకటి. ఎవరి చందాలు వాళ్ళవి, ఎవరి నియమాలు వాళ్ళవి. బరంపురం వాళ్ళు సర్కారు కాగితం ఒడియాలో నింపుతారు, షోలాపూర్ వాళ్ళు మరాఠీలో నింపుతారు. అందరి మీదా ఒక హెడ్డాఫీసు లేదు. అయినా ఒకరి పెళ్ళిపత్రిక ఇంకొకరికి అందుతుంది, ఒకరి సభకి ఇంకొకరు వస్తారు. మాస్టడాన్ కూడా అంతే. వేల సర్వర్లు, ఒక్కొక్కదానికి ఒక యజమాని. ఖాతా చిరునామాలో మీ పేరు, ఆ తర్వాత మీ సర్వర్ పేరు ఉంటాయి, ఈమెయిల్‌లాగా. ఒక సర్వర్‌లో ఉన్నవాళ్ళు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్ళ రాతలు చదవొచ్చు, జవాబివ్వొచ్చు. ఏదైనా సర్వర్‌లో అల్లరి ఎక్కువైతే మిగతావాళ్ళు దానితో రాకపోకలు మానేస్తారు. అదీ మన సంఘాలకి తెలియని సంగతేం కాదు!

ఇక యాప్ సంగతి. మన రాతలు ఉండే చోటు వేరు, వాటిని చూపించే తెర వేరు. తెర పని చేసే ప్రోగ్రాముని క్లయింట్ అంటారు. పెద్ద కంపెనీల దగ్గర ఈ రెండూ అతికించి ఉంటాయి కాబట్టి మనకి ఒకటే అనిపిస్తుంది. మొదట్లో అక్కడ కూడా అలా లేదు.

ట్విట్టర్ 2006లో మొదలైంది. బయటివాళ్ళు ప్రోగ్రాములు రాసుకోవడానికి అదే ఏడాది దారి తెరిచింది. 2007 మొదట్లో ఐకన్‌ఫ్యాక్టరీ అనే చిన్న సంస్థ మ్యాక్ కంప్యూటర్ల కోసం ట్విట్టరిఫిక్ అనే క్లయింట్ తెచ్చింది. ట్విట్టర్‌కి పిట్ట బొమ్మ వాడినది మొదట వీళ్ళే. "ట్వీట్" అన్న మాట ఒక ప్రోగ్రాములో మొదట కనిపించింది కూడా దీనిలోనే. తర్వాత లోరెన్ బ్రిక్టర్ అనే ఆయన ఐఫోన్ కోసం ట్వీటీ రాశాడు. తెరని వేలితో కిందికి లాగి వదిలితే కొత్తవి వస్తాయి చూడండి, ఇవాళ బ్యాంకు యాప్‌లో కూడా చేస్తున్నాం, అది పుట్టింది ట్వీటీలోనే. 2010లో ట్విట్టర్ ఆ ట్వీటీని కొని తన సొంత ఐఫోన్ యాప్‌గా మార్చుకుంది. 2011లో ట్వీట్‌డెక్‌ని కూడా కొంది. పిట్ట, పేరు, లాగి వదలడం, ఇన్నీ బయటివాళ్ళు పెట్టిన నగలే.

నగలన్నీ చేరాక తలుపు మూయడం మొదలైంది. 2012 ఆగస్టులో ట్విట్టర్ కొత్త నియమం పెట్టింది. బయటి క్లయింట్ ఏదైనా లక్ష మంది వాడకందార్లు దాటాలంటే కంపెనీ అనుమతి కావాలి. అంటే పేరు తెచ్చుకోవడమే ముప్పు అయింది. పదేళ్ళు అలా ఈడ్చుకుంటూ బతికాయి అవి. 2022 అక్టోబరు 27న ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ని కొనడం పూర్తిచేశారు. 2023 జనవరి 12న ట్విట్టరిఫిక్, ట్వీట్‌బాట్ లాంటివి ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. ముందు నోటీసు లేదు. వారం తర్వాత, జనవరి 19న, ట్విట్టర్‌కి బదులుగా వాడే క్లయింట్లు చేయరాదని డెవలపర్ల ఒప్పందంలో రాసుకున్నారు. శిక్ష ముందు, చట్టం తర్వాత. ట్వీట్‌బాట్ చేసిన ట్యాప్‌బాట్స్ వాళ్ళు అదే నెలలో ఐవరీ అనే కొత్త క్లయింట్ విడుదల చేశారు. అది మాస్టడాన్ కోసం.

మాస్టడాన్ వైపు చరిత్ర వేరే దారిలో నడిచింది. 2008లో కెనడాలోని మాంట్రియల్ నుంచి ఇవాన్ ప్రోడ్రోమౌ ఐడెంటికా అనే చోటు పెట్టారు. ట్విట్టర్‌లాంటిదే, కానీ కోడ్ ఎవరైనా తీసుకుని తమ సర్వర్ మీద నడుపుకోవచ్చు. ఆ కోడ్ మొదట లాకానికా, తర్వాత స్టేటస్‌నెట్, ఆ తర్వాత గ్నూ సోషల్ అని పేర్లు మార్చుకుంది. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే కుర్రవాడు ఆ గ్నూ సోషల్ సర్వర్లతో మాట్లాడగలిగేలా కొత్తగా మాస్టడాన్ రాశాడు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతికి యాక్టివిటీపబ్ అని పేరు. 2018 జనవరి 23న డబ్ల్యూ3సీ దాన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. మాస్టడాన్ అంతకు ముందే, 2017 సెప్టెంబరులోనే, దాన్ని అమలుచేసింది.

సర్వర్‌కీ సర్వర్‌కీ మధ్య భాష అది. సర్వర్‌కీ తెరకీ మధ్య ఇంకో భాష ఉంది, మాస్టడాన్ ఏపీఐ అంటారు. రోచ్కో దాన్ని మొదటి నుంచీ అందరికీ తెరిచిపెట్టాడు. మాస్టడాన్ సొంత వెబ్ తెర కూడా అదే దారిలో సమాచారం తెచ్చుకుంటుంది. ఇంటి యజమానికి, అతిథికి ఒకటే వాకిలి అన్నమాట. 2016లో మొదలైన మాస్టడాన్‌కి సొంత ఐఫోన్ యాప్ 2021లో వచ్చింది, ఆండ్రాయిడ్ యాప్ 2022లో వచ్చింది. అప్పటిదాకా ఫోన్‌లో యాప్ వాడినవాళ్ళంతా టస్కీ లాంటి బయటి యాప్‌ల మీదే బతికారు. కుర్రవాళ్ళు "ఏదైనా సరే" అన్నది అందుకే.

మాస్టడాన్ సొంత వెబ్ తెర మాత్రం మొదట్లో అందరికీ కుదిరేది కాదు. ట్వీట్‌డెక్ తరహాలో పక్కపక్కన నిలువు వరుసలు. రాసేది ఒక వరుస, ఇంటి వరుస ఒకటి, మనకొచ్చిన కబుర్లు ఒకటి. పెద్ద మానిటర్ ముందు కూర్చున్నవాళ్ళకి బాగుండేది. పాత ల్యాప్‌టాప్‌లో, తక్కువ మెమరీ ఉన్న ఫోన్‌లో ఆ జావాస్క్రిప్ట్ బరువంతా మోయడం కష్టం.

2018 ఏప్రిల్‌లో పినాఫోర్ వచ్చింది. మన కాన్వెంట్ పిల్లలు చొక్కా మీద వేసుకునే చేతుల్లేని గౌను పేరే. దాన్ని రాసింది నోలన్ లాసన్. బ్రౌజర్లో పేజీ ఎందుకు నెమ్మదిస్తుంది, ఎలా తేలిక చేయొచ్చు అన్నదే ఆయనకి ఇష్టమైన విషయం. బ్రౌజర్లోనే సమాచారం దాచుకునే పౌచ్‌డీబీ మీద పనిచేసినవాడు. టూట్ కెఫే అనే మాస్టడాన్ సర్వర్ కూడా నడిపాడు. తీరిక వేళల్లో, డబ్బు కోసం కాకుండా రాసినదే పినాఫోర్.

దాని లోపలి పని కాస్త వివరంగా చెప్తాను, అసలు సరుకు అక్కడే ఉంది.

పినాఫోర్‌కి మన ఖాతాలు దాచుకునే సర్వర్ లేదు. కొన్ని ఫైళ్ళు బ్రౌజర్‌కి పంపుతుంది, దాని పని అయిపోతుంది. మీరు మీ మాస్టడాన్ సర్వర్ పేరు చెప్తే, పాస్‌వర్డ్ అడగకుండా మిమ్మల్ని ఆ సర్వర్ పేజీకే పంపుతుంది. అక్కడ పాస్‌వర్డ్ కొట్టి "ఈ క్లయింట్‌కి అనుమతి ఇస్తున్నాను" అని ఒప్పుకుంటే, సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. ఇంటి తాళంచెవి మన దగ్గరే ఉంచుకుని, పనివాళ్ళకి చీటీ రాసిచ్చినట్టు. ఆ చీటీ మీ బ్రౌజర్లోనే ఉంటుంది. అక్కర్లేదనుకున్న రోజు సర్వర్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ చీటీ ఒక్కటీ రద్దుచేయొచ్చు, పాస్‌వర్డ్ మార్చక్కర్లేదు. ఒకే తెరలో రెండు మూడు సర్వర్ల ఖాతాలు పెట్టుకోవచ్చు. సంఘం ఖాతా ఒకటి, సొంత ఖాతా ఒకటి ఉన్నవాళ్ళకి ఇది ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు.

బరువు తగ్గించడానికి ఆయన చేసినవి కొన్ని ఉన్నాయి. మాస్టడాన్ వెబ్ తెర రియాక్ట్ మీద కట్టినది. లాసన్ స్వెల్ట్ అనే పద్ధతి ఎంచుకున్నాడు. స్వెల్ట్‌లో రాసిన కోడ్ ముందే చిన్న జావాస్క్రిప్ట్‌గా మారిపోతుంది, అందువల్ల బ్రౌజర్ మోయాల్సింది తక్కువ. వెయ్యి రాతలున్న వరుసలో తెర మీద కనిపించే కొన్నిటినే గీస్తుంది. మిగతావి మీరు జరుపుతున్న కొద్దీ వస్తాయి, దాటిపోయినవి తీసేస్తుంది. చదివిన రాతల్ని బ్రౌజర్లో దాచుకుంటుంది కాబట్టి సిగ్నల్ పోయినా పాతవి చదువుకోవచ్చు. వరుస ఒక్కటే. మాస్టడాన్ తన సొంత తెరలో ఒంటి వరుసని తెచ్చింది 2019 జూన్‌లో, 2.9 విడుదలలో, పినాఫోర్ వచ్చిన ఏడాది తర్వాత.

నా మటుకు నాకు పినాఫోర్ గొప్పతనం వేగంలో లేదు. చూపు లేనివాళ్ళని మొదటి రోజు నుంచీ లెక్కలో పెట్టుకోవడంలో ఉంది. చూపు లేనివాళ్ళు కంప్యూటర్ వాడేది స్క్రీన్ రీడర్‌తో. తెర మీద ఉన్నదాన్ని అది గొంతుతో చదువుతుంది. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ ఉంది, చూపు లేని మైఖేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టినది. దానితోపాటే వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. ఉచ్చారణ కొంచెం కరుకే, అయినా అర్థమవుతుంది. కానీ చదివే గొంతు ఉంటే చాలదు. పేజీ కట్టినవాళ్ళు "ఇది బొత్తం, ఇది రాసినవారి పేరు, ఇది ఫోటో, ఫోటోలో ఉన్నది ఇది" అని లోపల గుర్తులు పెట్టాలి. పెట్టకపోతే స్క్రీన్ రీడర్ "బొత్తం, బొత్తం, బొత్తం" అని వరసగా చదివి ఊరుకుంటుంది. మన సంఘం పాత వెబ్ పేజీ అలాగే ఉండేది. దాన్ని చూపు తగ్గిన ఒక రిటైర్డ్ మాస్టారికి ఎవరో ఒకరు చదివిపెట్టాల్సి వచ్చేది. లాసన్ ఈ గుర్తుల మీద, మౌస్ లేకుండా కీబోర్డుతో మాత్రమే తిరగగలగడం మీద ఎంతో పనిచేశాడు, దాని గురించి విడిగా వ్యాసాలూ రాశాడు. చూపు లేని వాడకందార్లు చెప్పిన లోపాలు దిద్దుతూ పోయాడు. చిన్న క్లయింట్ కాబట్టి అది కుదిరింది. పెద్ద తెరలో ఒక బొత్తం కదపాలంటే పదిమంది ఒప్పుకోవాలి.

ఇంకా తేలికైనవీ వచ్చాయి. బ్రూటల్‌డాన్ అని ఒకటి. అది జావాస్క్రిప్ట్ లేకుండా కూడా నడుస్తుంది. లింక్స్ లాంటి అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజర్లలో కూడా మాస్టడాన్ తెరుస్తుంది. దానిలో చిక్కు ఒకటుంది. బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ లేనప్పుడు మీ తరఫున మాస్టడాన్ సర్వర్‌తో మాట్లాడే పని బ్రూటల్‌డాన్ నడిపేవాళ్ళ సర్వర్ చేయాలి, అంటే మీ చీటీ వాళ్ళ దగ్గర ఉంటుంది. పినాఫోర్‌లో చీటీ మీ దగ్గరే ఉంటుంది కానీ జావాస్క్రిప్ట్ కావాలి. ఏదో ఒకటి ఒప్పుకోవాలి.

మన దేశంలో ఎక్కువమంది మాస్టడాన్ పేరు విన్నది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతాని ఆపేశారు. హిట్లర్ కాలంలో జనమంతా చేతులెత్తి నాజీ వందనం చేస్తుంటే ఒక్కడు చేతులు కట్టుకుని నిలబడ్డ పాత ఫోటో ఆయన పెట్టుకున్నారు. దానిమీద మొదట ఆపారు, తర్వాత తిరిగి ఇచ్చి, గోరఖ్ పాండే హిందీ కవిత పంచుకున్న పాత ట్వీట్ మీద మళ్ళీ ఆపారు. దానికి నిరసనగా చాలామంది భారతీయులు మాస్టడాన్‌లో ఖాతాలు తెరిచారు. కొన్ని వారాలు సందడి, తర్వాత ఎక్కువమంది వెనక్కి. సర్వర్ ఎంచుకోమంటే ఏది ఎంచుకోవాలి, యాప్ ఏది అన్న దగ్గరే చాలామంది ఆగిపోయారని నా అభిప్రాయం. మన పెద్దాయన అడిగిన ప్రశ్నే.

2022 చివర్లో రెండో వరద. మాస్టడాన్ లెక్క ప్రకారం అక్టోబరు, నవంబరు మధ్య నెలకి 3 లక్షల దగ్గర ఉన్న వాడకందార్లు 25 లక్షలయ్యారు. కొత్త క్లయింట్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. పినాఫోర్ కూడా అంతమంది చేతుల్లోకి వెళ్ళే సమయం. సరిగ్గా అప్పుడే, 2023 జనవరి 9న, లాసన్ పినాఫోర్ పని మానేస్తున్నానని ప్రకటించాడు. ఐదేళ్ళ పాటు తీరిక వేళల్లో ఒక్కడే ఎక్కువ బరువు మోసిన పని. కోడ్ ఆర్కైవ్ చేశాడు, ఇక మార్పులు ఉండవని చెప్పాడు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. జనవరి 9న పినాఫోర్ ఆగింది. జనవరి 12న ట్విట్టరిఫిక్, ట్వీట్‌బాట్ ఆగాయి. మూడు రోజుల తేడా. ట్విట్టర్ వైపు యాప్ చేసినవాళ్ళు నడపాలనే అనుకున్నారు, తలుపు అవతలినుంచి మూసేశారు, డబ్బు కట్టి వాడుతున్నవాళ్ళు కూడా ఏమీ చేయలేకపోయారు. మాస్టడాన్ వైపు చేసినవాడే అలసి ఆపుకున్నాడు. తలుపు తెరిచే ఉంది. పినాఫోర్ వాడినవాళ్ళ రాతలు, అనుచరులు, చిరునామా ఏదీ పోలేదు. అవి పినాఫోర్ దగ్గర ఎప్పుడూ లేవు కాబట్టి. ఇంకో క్లయింట్ తెరిచి చీటీ రాసిచ్చారు, అంతే.

కోడ్ కూడా చావలేదు. అది ఏజీపీఎల్ లైసెన్సు కింద ఉంది. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, మార్చినది నడిపితే ఆ మార్పుల్ని వాడకందార్లకి ఇవ్వాలి. దాని నుంచి సెమాఫోర్ అనే శాఖ పుట్టింది. 2022 చివర్లోనే వ్యూ, నక్స్ట్ రంగంలో పేరున్నవాళ్ళు ఎల్క్ అనే అందమైన క్లయింట్ మొదలుపెట్టారు. సింగపూర్‌లో ఉండే లిమ్ చీ ఆన్ ఫాన్పీ రాశాడు. పోకెమాన్‌లో ఏనుగు పిల్లలాంటి బొమ్మ పేరు అది. మాస్టడాన్ అంటే పూర్వకాలపు ఏనుగులాంటి జంతువు కదా, దానికి ఈ పిల్ల. ఒక వరుస, తక్కువ బొత్తాలు, ఒకరి మాటలు ఇంకొకరు పంచుకున్నవి విడిగా ఒక పెట్టెలో కట్టి చూపించడం. నాకు ఇప్పుడున్న వాటిలో ఇది ఎక్కువ నచ్చింది.

అలాగని పినాఫోర్ ఆగడం చిన్న విషయం అనను. చూపు లేనివాళ్ళ కోసం ఐదేళ్ళు పోగేసిన శ్రద్ధని కోడ్‌తో పాటు కాపీ చేయడం కుదరదు. కొత్త క్లయింట్‌లో ఏ బొత్తానికి గుర్తు లేదో మళ్ళీ ఒకరు వాడి చెప్పాలి, మళ్ళీ ఒకరు దిద్దాలి. మన సంఘాల్లో పదేళ్ళు లెక్కలు రాసిన కార్యదర్శి మానేస్తే పుస్తకాలు కొత్తాయనకి అందుతాయి, ఎవరి ఇంటికి ఏ వేళకి వెళ్తే చందా ఇస్తారో మాత్రం అందదు.

తెలుగువాళ్ళకి ఇలాంటి పని కొత్తది కాదని కూడా చెప్పాలి. ఒకప్పుడు మన పత్రికల వెబ్ పేజీలు ఒక్కొక్కటి తమ సొంత ఫాంటులో ఉండేవి. ఆ ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చి గుర్తులు. బయట ఊళ్ళలో, ఆఫీసు కంప్యూటర్లలో ఫాంటు వేసుకునే వీల్లేని మనలాంటివాళ్ళకి అది పెద్ద అడ్డం. తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జున పద్మ అనే పొడిగింపు రాశారు. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటే ఆ పేజీని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పత్రిక వాళ్ళ పేజీ వాళ్ళదే, చదివే అద్దం మనది. పినాఫోర్ చేసిన పనికి ఇది అన్నలాంటిది.

చివరిగా మనవాళ్ళు అడగబోయే ఇంకో ప్రశ్న: తెలుగు ఎంత పడుతుంది? మామూలు మాస్టడాన్ సర్వర్‌లో ఒక రాతకి 500 హద్దు. "తెలుగు" అన్న మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ట్విట్టర్ దాన్ని ఆరుగా లెక్కపెడుతుంది. మాస్టడాన్ సర్వర్ గుణింతాన్ని హల్లుతో కలిపి మూడుగానే లెక్కపెడుతుంది, మనం బడిలో లెక్కపెట్టినట్టే. కాబట్టి 500 అంటే ఇంగ్లీషు వాళ్ళకన్నా మనకి కాస్త ఎక్కువే పడుతుంది. కొన్ని సర్వర్లు ఈ హద్దుని ఇంకా పెంచుకున్నాయి. సంఘానికి సర్వర్ ఎంచుకునేటప్పుడు అది కూడా చూడమని కుర్రవాళ్ళకి చెప్పాను, లేకపోతే నా రాతలు ముక్కలు ముక్కలుగా పెట్టాల్సి వస్తుంది.